కార్డు రాలేదని కంగారు వద్దు, ముందు రిపోర్టు తీయించండి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ పూర్తిచేసి విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో నెలకు 24 వేల జీతానికి చేరాడు. సాయంత్రాలు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీసుకుని తీర్చిన చరిత్ర) ఉండాలని స్నేహితులు చెబితే రెండు నెలల్లో నాలుగు బ్యాంకుల క్రెడిట్ కార్డులకు దరఖాస్తు చేశాడు. ఒక్కటీ రాలేదు. రేపు బ్యాంకు ఉద్యోగానికి ఇది అడ్డం వస్తుందా? ఇంకెక్కడైనా ప్రయత్నించమంటారా?

జవాబు: ఐదో దరఖాస్తు మాత్రం పెట్టనివ్వకండి.

ముందు మీ అసలు భయం గురించి చెబుతాను. కార్డు ఇవ్వలేదన్న కారణంతో ఏ బ్యాంకూ ఉద్యోగం ఆపదు. అప్పు తీసుకుని ఎగ్గొడితే ఆపవచ్చు. ఉద్యోగంలో చేరే నాటికి అభ్యర్థి క్రెడిట్ చరిత్ర సక్రమంగా ఉండాలని, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో స్పష్టంగా ఉంటుంది. స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్లలోనూ రుణాలు, కార్డు బకాయిలు ఎగవేసినవారి గురించి నిబంధన ఉంటుంది. ఇది కాగితం మీద మిగిలిపోయే నిబంధన కాదు. స్టేట్ బ్యాంకులో అధికారి పోస్టుకు ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని క్రెడిట్ చరిత్ర బాగాలేదని బ్యాంకు రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. సిలబస్ మొత్తం బట్టీపట్టే మన పిల్లలు నోటిఫికేషన్‌లో ఈ పేరా దగ్గరకు వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. బీటెక్‌కు విద్యా రుణం తీసుకున్నారా? తీసుకుని ఉంటే మీ అబ్బాయికి చరిత్ర లేదనడం సరికాదు, అది ఆ రోజే మొదలైంది. కిస్తీలు ఆలస్యమైతే అతడి క్రెడిట్ రిపోర్టులోనే (అప్పులు, చెల్లింపుల వివరాలుండే పత్రం) కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది. ఫోను వాయిదాల్లో కొన్నా, యాప్‌లో ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అంటే సరేనన్నా చాలా సందర్భాల్లో అది రుణ ఖాతాగానే నమోదవుతుంది. మరిచిపోయిన మూడు వందల రూపాయల బకాయి కూడా బకాయే.

కాబట్టి ముందు రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టమనే మధ్యవర్తుల సైట్ల జోలికి పోవద్దు. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. స్కోరు స్థానంలో ‘ఎన్‌హెచ్’ లేదా మైనస్ 1 ఉంటే చరిత్ర లేదని అర్థం, అది తప్పు కాదు. ఖాతాల కింద నెలవారీ గళ్లు చూడండి. 000 ఉంటే ఆ నెల బాకీ లేదు. 030 ఉంటే 30 రోజులు ఆలస్యమైనట్లు. చివర్లో ఎంక్వైరీల జాబితా ఉంటుంది, మీ అబ్బాయి పెట్టిన నాలుగు దరఖాస్తులూ అక్కడ తేదీలతో కనిపిస్తాయి. మీ యార్డులో ఒకే వారంలో నాలుగు కొట్ల దగ్గర అడ్వాన్సు అడిగిన రైతును ఐదో కమిషన్ వ్యాపారి ఎలా చూస్తాడో, ఐదో బ్యాంకు ఆ జాబితాను అలాగే చూస్తుంది. కనీసం ఆరు నెలలు ఆగడం మేలు.

ఈలోగా చరిత్ర కావాలనే ఉంటే దారి ఉంది. జీతం పడే బ్యాంకులోనే 20 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు అడగమనండి. డిపాజిట్టే హామీ కాబట్టి చరిత్ర లేదని వెనక్కి పంపరు. పరిమితి డిపాజిట్‌కు కాస్త తక్కువగానో సమానంగానో ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ ఎలాగూ వస్తుంది. ఆ కార్డు మీద నెలకు ఫోను రీచార్జి, బస్ పాస్ లాంటి ఒకటి రెండు ఖర్చులు చాలు. పరిమితిలో మూడో వంతు దాటనివ్వకూడదు.

బిల్లు మొత్తం గడువులోగా కట్టాలి. ‘మినిమమ్ డ్యూ’ అన్న గడి దగ్గరే కుర్రాళ్లు దెబ్బతింటారు. 8,000 బిల్లు వచ్చిందనుకోండి, కనీసం 400 కడితే చాలంటుంది. కట్టాడు. మిగిలిన 7,600 మీద నెలకు మూడున్నర శాతం లెక్కన 266 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 48. కట్టిన నాలుగు వందల్లో అసలుకు జమ అయ్యేది తొంభై రూపాయలు కూడా కాదు. పైగా ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆలోచించే పనే లేదు, తొలి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

నా మాట అడిగితే, పరీక్షలయ్యే వరకు కార్డే లేకపోయినా నష్టం లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మాల్‌లో బల్ల వేసుకుని ‘జీవితాంతం ఉచితం’ అనే కుర్రాడికి పాన్, ఆధార్ ఇవ్వవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. వాటి ఫోటోతో ఎన్ని చోట్ల దరఖాస్తు పడుతుందో మీకు తెలియదు.

రిపోర్టులో పాత బాకీ బయటపడితే కొంత తగ్గించి కట్టించుకునే ‘సెటిల్‌మెంట్’కు ఒప్పుకోకుండా పూర్తిగా కట్టి, ఖాతా ‘క్లోజ్డ్’ అని నమోదయ్యేలా చూసి, బాకీ లేదన్న ‘నో డ్యూస్’ పత్రం తీసుకోండి. కట్టినా బాకీ చూపిస్తుంటే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.