సైకాలజిస్టులు మందులు రాయొచ్చా? తమ్ముడి ట్రీట్‌మెంట్ దగ్గరుండి చూసిన అక్కగా నా జవాబు

సైకాలజిస్టులకి, అంటే మాటలతో చికిత్స చేసేవాళ్ళకి, మందులు రాసే అధికారం ఇవ్వాలా వద్దా అని అడిగారు కదా. నా మటుకు ఇవ్వొచ్చు, కానీ అందరికీ కాదు, అన్ని మందులకీ కాదు. విడిగా మెడికల్ ట్రైనింగ్ అయ్యి, ఒక డాక్టర్‌తో టచ్‌లో ఉండి రాస్తే నాకు ఓకే. ఇంత మెలిక ఎందుకంటే మా తమ్ముడి విషయంలో రెండు వైపులా చూశాను.

వాడికి డిప్రెషన్ అని ఒక జనరల్ డాక్టర్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ తగ్గించే మందు) టాబ్లెట్ మొదలుపెట్టారు, దాంతోపాటు సైకాలజిస్ట్ మేడం దగ్గర వారం వారం సెషన్లు. కొన్నాళ్ళకి మంచం దిగి తిరుగుతున్నాడు, నవ్వుతున్నాడు, అందరికీ ఫోన్లు చేస్తున్నాడు, ఇంట్లో అందరికీ తేరుకున్నట్టే కనిపించింది. మేడం ఒక్కరికే అనుమానం వచ్చింది. ఆ రోజు సెషన్‌లో ఒక మాట పూర్తవకుండానే ఇంకో దానిలోకి దూకుతున్నాడట, రాత్రి రెండు మూడు గంటలే పడుకుంటున్నా అలసటే లేదన్నాడట, ఉద్యోగం మానేసి ఒకేసారి మూడు బిజినెస్‌లు పెడతానని కాగితం మీద లెక్కలు వేసి చూపించాడట. నన్ను లోపలికి పిలిచి నిద్ర ఎలా ఉంది, డబ్బు ఎలా ఖర్చు పెడుతున్నాడు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా మితిమీరిన హుషారులో ఉన్నాడా, మా వాళ్ళలో ఎవరికైనా బైపోలార్ (ఒకసారి మితిమీరిన హుషారు, ఇంకోసారి డిప్రెషన్ వచ్చే జబ్బు) ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు. బైపోలార్ ఉన్నవాళ్ళకి మూడ్ స్టెబిలైజర్ (మూడ్ అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టే మందు) లేకుండా ఉత్త యాంటీడిప్రెసెంట్ ఇస్తే కొందరిలో అది మేనియాకి, అంటే ఆ మితిమీరిన హుషారుకి, తిరగొచ్చు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, ఎదురుగా కనిపిస్తోంది, కానీ టాబ్లెట్ మార్చే హక్కు లేదు. లెటర్ రాసిచ్చి వెంటనే సైకియాట్రిస్ట్‌కి, అంటే మందులు రాసే మానసిక వైద్యుడికి, చూపించమన్నారు. టాబ్లెట్ రాసిన డాక్టర్ని అడిగితే సైకియాట్రిస్ట్ చెప్తే తప్ప నేను కదపను అన్నారు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు వాడు అదే టాబ్లెట్ మింగుతూ దాచుకున్న డబ్బంతా తగలేశాడు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ మధ్యలో పోయిన టైమ్ మీదే.

ఇంతవరకు చదివితే అధికారం ఇచ్చేయాల్సిందే అనిపిస్తుంది కదా, రెండోది కూడా వినండి. సైకియాట్రిస్ట్ గారు ఆ టాబ్లెట్ మాన్పించి లిథియం అనే మూడ్ స్టెబిలైజర్ పెట్టారు. లిథియంతో చిక్కేంటంటే పనిచేసే డోసుకి, విషమయ్యే డోసుకి మధ్య తేడా చాలా తక్కువ. రక్తంలో లీటరుకి సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉండేలా చూస్తారు, 1.5 దాటితే ప్రమాదం. అందుకే రక్త పరీక్షలు, కిడ్నీ, థైరాయిడ్ చెక్‌లు జరుగుతూనే ఉంటాయి. అంతా బాగానే ఉందనుకుంటుంటే వాడికి మోకాలు బెణికింది, నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకున్నాడు. కొద్ది రోజులకే నీళ్ళ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్ళు ఒలికిపోతున్నాయి, నడక తూలుతోంది, కడుపులో తిప్పుతోందన్నాడు. నేను టెన్షన్ అనుకున్నా, డాక్టర్ గారు మాత్రం చూడగానే అడిగిన మొదటి ప్రశ్న "నొప్పి మాత్రలేమైనా వేసుకున్నావా" అని. ఆ రకం మాత్రలు కిడ్నీలు లిథియంని బయటికి పంపకుండా అడ్డుపడతాయి, లెవెల్ పెరిగిపోతుంది. ఇది మాటలతో మనసు చదివే విద్య కాదు, గుండె, కిడ్నీ, వేరే మందులు అన్నీ కలిపి చూడాల్సిన విద్య. నాలుగు రోజుల వర్క్‌షాప్‌తో వచ్చేది కాదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఈ పని చేసి చూపించాయి. 2002లో న్యూ మెక్సికో, 2004లో లూసియానా, ఆ తర్వాత ఇల్లినాయి, అయోవా, ఐడహో, 2023లో కొలరాడో. అంతకుముందే 1991లో వాళ్ళ రక్షణ శాఖ సైకాలజిస్టులకి మందుల ట్రైనింగ్ ఇచ్చి చూసింది, పది మంది పూర్తి చేశారు. డాక్టరేట్ అయ్యాక మందుల మీద మళ్ళీ చదవాలి, పరీక్ష రాయాలి, న్యూ మెక్సికోలో అయితే మొదటి రెండేళ్ళు డాక్టర్ పర్యవేక్షణలోనే రాయాలి. నాకు బాగా నచ్చింది ఇల్లినాయి చట్టం: 17 ఏళ్ళ లోపువాళ్ళకి, 65 దాటినవాళ్ళకి, గర్భిణులకి, పెద్ద జబ్బులున్నవాళ్ళకి రాయకూడదు అని 2014లోనే గీత గీసేసింది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు, పేషెంట్ సేఫ్టీ అంటుంది. ఆ భయంలో నిజం ఉంది, మా వాడి చెయ్యి వణకడం చూశాను కాబట్టి కొట్టిపారేయను. కానీ సైకియాట్రిస్ట్ దొరకనప్పుడు ఇప్పుడు మందు రాస్తున్నది ఎవరు? జనరల్ డాక్టర్లే కదా, పది నిమిషాల్లో చూసి. పోల్చాల్సింది వాళ్ళతో.

నా అసలు భయం వేరే ఉంది. మేడం పసిగట్టింది ఎందుకు? ముందు వారం వాడెలా మాట్లాడాడో గుర్తుంది, గంటసేపు కూర్చోబెట్టి విన్నారు. రేపు ఆవిడకీ ప్రిస్క్రిప్షన్ పవర్ వస్తే, బయట క్యూ పెరిగితే, ఆ గంట పదిహేను నిమిషాలైపోదని గ్యారంటీ ఏంటి? ఒకప్పుడు సైకియాట్రిస్టులు కూడా కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్ళే, ఇప్పుడు చాలామందికి డోసు సర్దడానికే టైమ్ సరిపోవట్లేదు. కాబట్టి అధికారం ఇచ్చేటప్పుడు సెషన్ టైమ్ తగ్గకూడదని కూడా రూల్ ఉండాలి అంటాను.

చట్టం మారేదాకా మీరు ఆగక్కర్లేదు. సైకాలజిస్ట్, డాక్టర్ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడానికి పేషెంట్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు, మా తమ్ముడు ఇచ్చాడు, ఇప్పుడు మేడంకి తేడా కనిపిస్తే అదే రోజు డాక్టర్ గారికి ఫోన్ వెళ్తుంది. నొప్పి మాత్రలతో సహా వేసుకునేవన్నీ రాసి ఇద్దరికీ ఇవ్వండి. అనుమానం వచ్చింది కదా అని మీ అంతట మీరు టాబ్లెట్ ఆపేయొద్దు, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ టక్కున మానేస్తే కళ్ళు తిరగడం, తలలో కరెంట్ కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించాలి.