వాషింగ్టన్ రాష్ట్రంలో స్కూల్ లెవీ రెన్యువల్ అంటే కొత్త పన్నా?

కాదు. లెవీ అంటే ఓటర్ల ఆమోదంతో స్కూల్ డిస్ట్రిక్ట్ వసూలు చేసే ఆస్తి పన్ను. గడువు ముగిసే లెవీ స్థానంలోకి వచ్చేదే ఇది, రెండూ కలిపి వసూలు చేయరు. అయితే మొత్తం పెరగవచ్చు. అందుకే పాతదాని చివరి ఏడాది డాలర్లనూ కొత్తదాని మొదటి ఏడాది డాలర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి.

చాలామంది పొరబడేది రేటు దగ్గర. ఓటర్లు ఆమోదించేది ఏడాదికి ఇన్ని డాలర్లని ఒక మొత్తాన్ని. దాన్ని డిస్ట్రిక్ట్‌లోని ఆస్తుల మదింపు విలువతో భాగిస్తే ప్రతి వెయ్యి డాలర్ల విలువకు ఎంత పన్ను పడుతుందో తేలుతుంది, అదే రేటు. రేటు 1.50 అయితే 10 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 1,500. ఊళ్లో ఇళ్ల ధరలన్నీ ఒకేలా పెరిగితే రేటు తగ్గుతుంది, మీ వాటా దాదాపు అంతే ఉంటుంది. మీ ఇంటి విలువ ఒక్కటే మిగతావాటికన్నా ఎక్కువ పెరిగితే మాత్రం భారం మీ మీద పడుతుంది.

స్కూళ్ల రోజువారీ ఖర్చులకు వాడే లెవీ గరిష్ఠంగా నాలుగేళ్లు. సగానికి మించి ఓట్లు చాలు. భవనాల కోసం అప్పు తెచ్చే బాండ్లకైతే 60 శాతం కావాలి. లెవీ ఓడితే అదే ఏడాది ఇంకొక్కసారే పెట్టొచ్చు. రెండోసారీ పోతే మరుసటి ఏడాది వసూలు ఉండదు, కౌన్సెలర్లు, నర్సులు, ఆటల మీద కోత పడుతుంది. పిల్లలకు అది చిన్న నష్టం కాదు.

సియాటెల్ దగ్గరి రెడ్మండ్, సమామిష్‌లలో ఇళ్లున్న మనవాళ్లు హెచ్-1బీ, గ్రీన్ కార్డుల మీద ఉన్నా పన్ను కడతారు, ఓటు మాత్రం పౌరులకే. ఓటున్నవాళ్లు బ్యాలెట్ కవరు మీద సంతకం మరవకండి. బ్యాలెట్లు వేసే డ్రాప్ బాక్సు ఎన్నికల రోజు రాత్రి 8 దాకానే.