మెకార్థర్ లాంటి గ్రాంటు మన దగ్గర దొరుకుతుందా?

మీరు బొమ్మలు వేస్తారు, మీ చెల్లెలు పురావస్తు పరిశోధకురాలు, ఇద్దరూ బెంగళూరులోనే ఉంటారు. మెకార్థర్ ఫెలోషిప్‌లా షరతులు పెట్టని డబ్బు మీకు దొరుకుతుందా అని అడిగారు. మెకార్థర్ అమెరికా పౌరులకో, అక్కడ ఉండేవాళ్లకో మాత్రమేనండి. ఐదేళ్లలో 8 లక్షల డాలర్లిస్తారు, దేనికి ఖర్చుపెట్టారని అడగరు. కానీ దానికి దరఖాస్తు చేసుకునే వీలే లేదు, వాళ్లే ఎంచుకుంటారు. దాన్ని పక్కన పెట్టేయండి.

మన ఊళ్లోనే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, 1995 నుంచి గ్రాంట్లిస్తోంది. కళల మీద పరిశోధనకైతే ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు. ఇంగ్లీషుకి జంకి ఆగిపోయినవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నా.

నేను వేరే సంస్థ డబ్బుతో ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట మీద పనిచేశాను. ఆటలు రికార్డు చేస్తానని రాసిచ్చాను. తీరా వెళ్తే అక్కడ ఆట కట్టేవాళ్లకన్నా అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి అమ్మేవాళ్లే ఎక్కువ. రావణుడి తలలు గీసే చెయ్యే దీపానికి నెమళ్లు గీస్తుంటే, నా పనీ అటే మళ్లింది. విషయం రాసి పంపితే సవరించిన బడ్జెట్ అడిగి సరేనన్నారు. అందుకే మొత్తం ఎంతో చూసేముందు, మధ్యలో దారి మార్చుకోనిస్తారా అని అడగండి. బడ్జెట్‌లో మీ నెల ఖర్చు కూడా వేసుకోండి. కెమెరా, ప్రయాణాలు అన్నీ రాసి ఇంటద్దె వదిలేస్తారు చాలామంది, బెంగళూరులో ఉంటూ!

కేంద్ర సాంస్కృతిక శాఖ సీనియర్ ఫెలోషిప్ నెలకి 20 వేలు, జూనియర్‌ది 10 వేలు, రెండేళ్లపాటు. ఆరునెలలకోసారి రిపోర్టివ్వాలి. ఈ ఊళ్లో అది గది అద్దెకి సరిపోతే గొప్పే.

మీ చెల్లెలి సంగతి వేరు. ఎవరు డబ్బిచ్చినా, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అనుమతి లేకుండా తవ్వకూడదు. పైగా ఇది తొందరగా తేలే పనీ కాదు. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో 1863లోనే రాతి పనిముట్లు దొరికాయి. శర్మా సెంటర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 1999లో తవ్వకాలు మొదలుపెడితే, అక్కడి కొన్ని పనిముట్లు సుమారు 3.85 లక్షల ఏళ్లనాటివన్న ఫలితం 2018లో అచ్చయింది. ఏడాదో రెండేళ్లో ఉండే గ్రాంటుకి అంత పని రాసివ్వకూడదు. ఒక చిన్న ప్రాంతంలో సర్వే, మ్యూజియంలో మూలనపడ్డ పనిముట్ల పరిశీలన లాంటివి రాయమనండి. తవ్వకం తప్పదనుకుంటే, మొదటి ఆరునెలలకీ ఈ పనులే పెట్టమనండి. అనుమతి ఆలస్యమైనా గ్రాంటు గడువు ఆగదు, ఆ టెన్షనంతా ఆవిడే పడాలి.