తొట్టి నీడకు జరుపు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

మీ పటమట డాబా మీద తోకకప్పలు గబగబా పెరుగుతున్నాయని, తొట్టిని ఇంకా ఎండలోకి జరుపుతానని ఫోన్లో అన్నావు. వద్దమ్మా. ఇవాళే నీడకు మార్చు.

కప్పకి మనలా ఒంట్లో సొంత వేడి ఉండదు. నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. వెచ్చటి నీళ్లలో కాళ్లు త్వరగా వస్తాయి, తోక త్వరగా పోతుంది, నిజమే. కానీ ఒళ్లు చేయకముందే కప్పయిపోతుంది. కాస్త చల్లటి నీళ్లలో పెరిగింది ఆలస్యంగా గట్టెక్కినా పెద్దదై వస్తుంది. బుల్లి కప్పకి నోరు చిన్నది, దొరికే తిండీ తక్కువే. ఒంట్లో తడి కూడా తొందరగా ఆరిపోతుంది.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక జూలైలో తోకకప్పలున్న స్టీలు బేసిన్ ఎండలో వదిలేసి కాలేజీకి వెళ్లాను. సాయంత్రానికి ఒక్కటీ కదల్లేదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, ఆ వేడిలోనే వాటికి ఎక్కువ కావాలి. ఆ బేసిన్ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అందుకే చెప్తున్నా, థర్మామీటరు కొనుక్కో. పొద్దున కాదు, మధ్యాహ్నం రెండింటికి చూడు. 30 డిగ్రీలు దాటనివ్వకు. పంపు నీళ్లు ఒక రోజు బకెట్లో నిలవుంచి పొయ్యి.

ఇక బాత్రూమ్ గోడ మీద చెట్టు కప్ప పాలిపోయిందని టెన్షన్ పడకు, అది జబ్బు కాదు. చర్మంలో నల్లరేణువులున్న కణాలుంటాయి. చలికి ఆ రేణువులు కణమంతా పరుచుకుంటాయి, కప్ప ముదురు రంగుకి తిరుగుతుంది. వేడికి మధ్యలో ముద్దగా చేరతాయి, పాలిపోతుంది. వానపడ్డ తెల్లవారుజామున చూడు, అదే కప్ప కాఫీపొడి రంగులో ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని చునామ్ కప్ప అని కూడా అంటారు, చునామ్ అంటే మన సున్నమే. అయితే రంగు వెలుతురుకీ, అడుగున ఉన్న రంగుకీ కూడా మారుతుంది. కాబట్టి వేడికి రంగెలా మారుతుందో రెండు తొట్లలో పోల్చి చూడాలంటే రెండూ ఒకే రంగువి తీసుకో. తొలకరికి బోదురు కప్ప పసుపు పూసుకున్నట్టు మెరిసేది మాత్రం వేడి వల్ల కాదు, జతకట్టే కాలపు హార్మోన్ల వల్ల. వాటిని పట్టి తేకు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

తోకలు పోగానే పిల్ల కప్పల్ని, నల్లపూసల దండలా ఉన్న ఆ గుడ్లు ఏ గుంటలో దొరికాయో అక్కడే వదిలిపెట్టు. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్న రోజు.

మీ అమ్మమ్మ