గుండె లయ తప్పే అమ్మకి నడుము మత్తా, ఫుల్ మత్తా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 68 ఏళ్లు. రెండేళ్లుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉంది, రక్తం పల్చబడడానికి అపిక్సాబాన్, గుండె వేగం తగ్గడానికి మెటోప్రొలాల్ వాడుతోంది. ఇప్పుడు మోకాలి మార్పిడి ఆపరేషన్ అన్నారు. చుట్టాలేమో గుండె జబ్బున్నోళ్లకి ఫుల్ మత్తిస్తే లేవరు, నడుముకే ఇప్పించు అంటున్నారు. నిజమేనా అండీ?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ మాట నేను చాలామంది నోట విన్నాను, కానీ అది నిజం కాదండీ. 2021లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిని చూశారు, నడుముకి మత్తిచ్చినా ఫుల్‌గా ఇచ్చినా 60 రోజులకి ప్రాణం నిలవడంలో, మళ్లీ నడవడంలో పెద్ద తేడా రాలేదు. అది మోకాలి ఆపరేషన్ కాదు, అందరికీ గుండె లయ సమస్యా లేదు, అయినా ఆ భయానికి ఆధారం లేదని తెలుస్తుంది కదా.

మీ అమ్మగారి విషయంలో నాకు అసలు గుబులు ఆ అపిక్సాబాన్‌తోనే. అది ఒంట్లో ఉండగా వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కొచ్చు, కాళ్లు పడిపోయే ప్రమాదం, అరుదే కానీ వస్తే చాలా ఘోరం. అందుకే నడుము మత్తుకి మామూలుగా 72 గంటల ముందే ఆపిస్తారు, కిడ్నీలు సరిగా లేకపోతే ఇంకా ముందే. అలాగని మీరే ఆపేయకండి, ఆపితే గుండెలో గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలో కార్డియాలజిస్టు, మత్తు డాక్టరు, సర్జను ముగ్గురూ కలిసి చెప్పాలి.

ఇక గుండె సంగతి, నడుము మత్తుకి బీపీ పడిపోవచ్చు, అప్పటికే నాడి నిమిషానికి 130లో పరిగెడుతుంటే ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం. ఫుల్ మత్తులోనూ బీపీ పడుతుంది, పైగా గొంతులో ట్యూబ్ వేసేటప్పుడు నాడి ఒక్కసారిగా పెరగొచ్చు. అంటే ఏది ఇచ్చినా ముందు నాడి అదుపులో ఉండాలి, కూర్చున్నప్పుడు 110 లోపు ఉంటే మంచిది, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం ఎంతున్నాయో కూడా పరీక్ష చేయించండి. మెటోప్రొలాల్ మాత్రం డాక్టరు వద్దంటే తప్ప మానొద్దు, ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, ఉపవాసం కదా అని మానేసి ఆపరేషన్ బల్ల మీద నాడి ఎగిరిపోయినవాళ్లని చూశాను, చాలా బాధేసింది.

అపిక్సాబాన్ చివరి మాత్ర ఏ రోజు, ఏ టైముకి వేసుకుందో కాగితం మీద రాసి మత్తు డాక్టరు చేతిలో పెట్టండి.