క్రీస్తు క్రీస్తుపూర్వం పుట్టడమేమిటి?

ప్రశ్న: యేసు పుట్టింది క్రీ.పూ. 4లోనో అంతకు ముందో అని చదివాను. ఆయన పుట్టుక నుంచే కదా శకం లెక్క? ఇదెలా కుదురుతుంది?
– ఒక పాఠకురాలు, గుణదల, విజయవాడ

జవాబు: లెక్క కట్టినాయన తప్పాడండి, అంతే. 525లో రోమ్‌లో డయోనీసియస్ అనే సన్యాసి ఈస్టర్ తేదీల పట్టిక వేస్తూ, క్రైస్తవులను హింసించిన డయోక్లీషియన్ చక్రవర్తి పేరుతో ఏళ్లు లెక్కించడం ఇష్టంలేక యేసు జన్మ నుంచి మొదలుపెట్టాడు. అక్కడే కొన్నేళ్లు తేడా పడింది. మత్తయి సువార్త ప్రకారం యేసు పుట్టేనాటికి యూదయ రాజు పెద్ద హేరోదు బతికే ఉన్నాడు. అతడు పోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారుల మాట. కాబట్టి యేసు జననం క్రీ.పూ. 6–4 మధ్య అనుకోవచ్చు.

చిక్కల్లా లూకాతో. యేసు పుట్టినప్పుడు జరిగిందని ఆయన చెప్పే, సిరియా అధిపతి కురేనియు నాటి జనాభా లెక్క క్రీ.శ. 6లో జరిగింది, అంటే హేరోదు పోయిన తొమ్మిదేళ్లకు. రెండింటినీ అతికించాలని చాలామంది చూశారు, ఏ అతుకూ గట్టిగా నిలవలేదు. మేం హేరోదు వైపే మొగ్గుతాం.

వయసు లెక్కేసేటప్పుడు చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అందుకే క్రీ.పూ. 5 నుంచి క్రీ.శ. 30కి 35 కాదు, 34 ఏళ్లు. సిలువ మరణానికి పండితులు ఎక్కువగా చెప్పేవి 30, 33 సంవత్సరాలు. గుడ్‌ఫ్రైడే ప్రసంగాల్లో వినే ‘ముప్పైమూడేళ్లు’ ఏ సువార్తలోనూ లేదు. పరిచర్య మొదలయ్యేనాటికి ‘దాదాపు ముప్పై’ అని లూకా అంటే, దానికి యోహాను చెప్పిన పస్కా పండుగలను బట్టి మూడేళ్లు కలిపారు.

ప్రశ్న: యేసు అనే మనిషే లేడని, రోమన్లెవరూ రాయలేదని మా స్నేహితుడి వాదన. ఆయన జుట్టు, గడ్డం వర్ణిస్తూ లెంటులస్ అనే రోమన్ అధికారి రాసిన ఉత్తరం వాట్సాప్‌లో వచ్చింది. చూపించనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు, దాంతోనే ఓడిపోతారు. అది మధ్యయుగాల్లో పుట్టిన దొంగ ఉత్తరం. లెంటులస్ అనే అధిపతి యూదయను ఏలనేలేదు.

రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ను చూపించండి. సుమారు 116లో, 64 నాటి రోమ్ అగ్నిప్రమాదం గురించి రాస్తూ, తిబెరి చక్రవర్తి కాలంలో యూదయ అధిపతి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందన్నాడు. క్రైస్తవులంటే ఆయనకు రోత, పక్షపాతంతో రాశాడనడానికి లేదు. పిలాతు హోదా మాత్రం తన కాలపు మాటలో ‘ప్రొక్యురేటర్’ అన్నాడు. 1961లో కైసరయలో దొరికిన, పిలాతు పేరున్న రాతిపలకపై ఉన్నది ‘ప్రిఫెక్ట్’.

93–94లో రాసిన యూదు చరిత్రకారుడు జోసిఫస్ రెండుచోట్ల ప్రస్తావించాడు. మొదటిచోట ‘ఆయనే క్రీస్తు’ అనే మాట తర్వాతి క్రైస్తవ లేఖకులు చేర్చిందే. జోసిఫస్ యేసును క్రీస్తుగా నమ్మలేదని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిజెన్ రాశాడు. రెండోచోట ‘క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు యాకోబు’ అని ఉంది, దీన్ని ధైర్యంగా వాడండి. ఆ యాకోబునే తాను స్వయంగా కలిశానని పౌలు గలతీయులకు రాశాడు. (ఆ ‘సహోదరుడు’ దగ్గరి బంధువని కతోలికులంటారు. ఆ తగాదా ఇక్కడొద్దు.)

వీటితో తేలేది ఒక మనిషి ఉన్నాడని, పిలాతు కింద సిలువ వేయబడ్డాడని. పునరుత్థానం టాసిటస్ తేల్చే సంగతి కాదు, అంతదాకా లాగితే మీ స్నేహితుడికే పట్టు దొరుకుతుంది.

ప్రశ్న: క్రీస్తు అనేది యేసు ఇంటిపేరా?
– ఒక పాఠకుడు, తెనాలి, గుంటూరు జిల్లా

జవాబు: కాదు, బిరుదు. హీబ్రూ ‘మషియ’కు గ్రీకు మాట ‘ఖ్రిస్తోస్’, తెలుగులో అభిషిక్తుడు. ఆయన సొంత పేరు యేషూవ, ఆ రోజుల్లో ఇంటికొకడున్నంత మామూలు పేరు. మనకు ఊరిపేరే ఇంటిపేరైనట్టు ఆయన్ని ‘నజరేయుడైన యేసు’ అన్నారు. జోసిఫస్ పుస్తకాల్లోనే ఆ పేరుగలవాళ్లు చాలామంది. ‘క్రీస్తు అనబడిన’ అని ఆయన విడమరచి చెప్పింది ఏ యేసో తెలియడానికే.