పదో తరగతి సైన్స్ అయ్యాక: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: భౌతికశాస్త్రం పరీక్ష రాసి బయటికొచ్చి జవాబులు సరిచూసుకున్నాం. పుటాకార దర్పణం నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ అనే లెక్కకు నాకు -12 వచ్చింది. ఒకమ్మాయికి -60, ఇంకొకరికి 60. నాకు సున్నాయేనా?
- ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: సరైన జవాబు -60 సెం.మీ. అమ్మా. వస్తువు, నాభి రెండూ దర్పణం ముందే ఉన్నాయి కాబట్టి వస్తుదూరం u = -30, నాభ్యంతరం f = -20. ప్రతిబింబ దూరం v కోసం 1/v = 1/f - 1/u లో వేస్తే -1/20 + 1/30, అంటే -1/60. నువ్వు f కి మైనస్ పెట్టి u కి మరిచిపోయావు. అప్పుడు -1/20 - 1/30 = -1/12 అయి, -12 వస్తుంది. 60 వచ్చినమ్మాయి రెండింటికీ గుర్తు వదిలేసింది. అంకె సరిపోయినా, ప్లస్ అంటే ప్రతిబింబం దర్పణం వెనక ఉన్నట్టు. నిజానికి అది ముందే, తలకిందులుగా, రెండింతల పరిమాణంలో ఏర్పడుతుంది.

ఇక సున్నా భయం. ఇలాంటి లెక్కల్లో సూత్రానికి, విలువలు వేసినదానికి, తుది జవాబుకు విడివిడిగా మార్కులు వేయడం మామూలే. సూత్రం సరిగా రాసి ఉంటే దానికి రావాల్సింది వస్తుంది. సమాంతర సంధానంలో ఉన్న 3 ఓంలు, 6 ఓంల నిరోధాలకు ఫలిత నిరోధం ½ అని రాసినవాళ్లదీ ఇదే పరిస్థితి: 1/3 + 1/6 వరకు బాగానే చేసి, చివర్లో తిరగేయడం మరిచారు. జవాబు 2 ఓంలు.

అయినా సోషల్ పరీక్ష ఇంకా ఉంది కదా, ఈ సరిచూసుకోవడం అది అయ్యేదాకా ఆపండి. ఆ తర్వాత మాత్రం తప్పకుండా కూర్చోండి. అంకెలు పోల్చుకుంటే బాధే మిగులుతుంది, ఏ మెట్టు దగ్గర దారి తప్పామో వెతికితే ఇంటర్‌లో పనికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి లెక్కలంటే భయం. నలుగురు స్నేహితురాళ్లు కలిసి బైపీసీ అనుకున్నారు. పంపమంటారా?
- ఒక తల్లి, నర్సీపట్నం

జవాబు: లెక్కల భయమొక్కటే కారణమైతే వద్దండీ. బైపీసీలోనూ ఫిజిక్స్ ఉంటుంది, అందులో సదిశలు (వెక్టర్లు), త్రికోణమితి తప్పవు. నీట్‌లో 720 మార్కులకు జీవశాస్త్రం 360 అయితే ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. ఫిజిక్స్ పక్కనపెట్టి సీటు తెచ్చుకోవడం చాలా కష్టం.

జీవశాస్త్రం మీద నిజంగా ఇష్టముంటే డాక్టరే కానక్కర్లేదు. అగ్రికల్చర్, వెటర్నరీ, హార్టికల్చర్, ఫిషరీస్, నర్సింగ్, ఫార్మసీ ఉన్నాయి. వీటిలో ఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ వెళ్లొచ్చు. బైపీసీ తీసుకుంటే బయోటెక్నాలజీ వంటి కొద్ది కోర్సులు తప్ప బీటెక్ దారి మూసుకుపోతుందని అమ్మాయికి ముందే చెప్పండి.

ఈ వేసవిలో ఒక పని చేయండి. ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్‌లో సదిశల పాఠం, జీవశాస్త్రంలో వర్గీకరణ పాఠం చెరో వారం చదవనివ్వండి. మార్కులు పెట్టొద్దు. ఎవరూ చెప్పకుండా ఏ పుస్తకం మళ్లీ తెరుస్తోందో గమనించండి. స్నేహితురాళ్లు వేరే కాలేజీలో చేరినా, తన గ్రూపు రెండేళ్లు తనతోనే ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్ కాకుండా పదో తరగతితోనే చేరగలిగేవి ఏమిటి?

జవాబు: పాలిటెక్నిక్ డిప్లొమా. చాలా బ్రాంచీలకు మూడేళ్లు. దాని ప్రవేశ పరీక్ష పాలీసెట్‌లో లెక్కలు, భౌతిక, రసాయనశాస్త్రాలు పదో తరగతి స్థాయిలోనే అడుగుతారు, మైనస్ మార్కులు లేవు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల కోర్సు ఉంది, అక్కడ పదో తరగతి మార్కులే ఆధారం. చేతిపని ఇష్టమైతే ఐటీఐ.

ప్రశ్న: మార్కులు తక్కువొస్తే మళ్లీ దిద్దిస్తారా?

జవాబు: దిద్దించరు. రీకౌంటింగ్‌లో కూడిక మాత్రమే చూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో చూసి, జవాబుపత్రం నకలు కూడా ఇస్తారు. అందుకే రాసిన ప్రశ్నల పక్కన ప్రశ్నపత్రం మీద ఇవాళే టిక్కు పెట్టి దాచండి. నకలు చేతికొచ్చినప్పుడు దానితో పోల్చి చూసుకోవచ్చు.